వేసవి సెలవుల్లో కంప్యూటర్ మనమే బిగించుకోవచ్చా?



గత పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక, కుర్చీలోంచి లేస్తూ లేస్తూ చాలామంది ఒకటే అడిగారు. "మేడమ్, మావాడు సెలవుల్లో పార్టులు తెచ్చి కంప్యూటర్ తనే బిగిస్తానంటున్నాడు. అయ్యే పనేనా, లేక పైసలు వృథానా?" దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక నాన్నగారు ఫోనులో వాట్సాప్ ఫొటో చూపించారు: "ఐ7 కంప్యూటర్, మానిటర్‌తో కలిపి 12,999 మాత్రమే." తొమ్మిదో తరగతి చదివే వాళ్ల పాప అది వద్దంటోందట, పార్టులు తానే ఎంచుకుంటానంటోందట. "ఆడపిల్లకు ఈ స్క్రూడ్రైవర్ పనులెందుకు" అని వాళ్లమ్మ అంటున్నారట. విడివిడిగా చెప్పేకన్నా ఈ నెల అందరికీ కలిపి రాయడం మేలనిపించింది.

ముందు సూటిగా చెప్తాను. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు, పక్కన పెద్దవాళ్లు ఒకరుంటే, ఒక మధ్యాహ్నంలో కంప్యూటర్ బిగించగలరు. వెల్డింగ్ లేదు, సోల్డరింగ్ లేదు, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. ఎక్కువ సమయం పట్టేది ఏ పార్టు కొనాలో తేల్చుకోవడానికే. అందుకు రెండు మూడు వారాలు తీసుకోండి. ఇక ఆ వాట్సాప్ ఫొటో విషయంలో పాప మాటే కరెక్ట్. ఎందుకో కింద చెప్తాను.

అసలు వేర్వేరు కంపెనీల పార్టులు ఒకదానికొకటి ఎలా అతుకుతాయి అని పిల్లలు అడిగితే ఈ కథ చెప్పండి. మన హైదరాబాద్‌లో 1967లో ఈసీఐఎల్ పెట్టారు. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్.రావు గారి పేరుమీదే ఏఎస్‌రావు నగర్ వెలిసింది. 1969 నాటి టీడీసీ-12 అనే భారతీయ కంప్యూటర్‌ను తయారుచేసింది ఈసీఐఎలే. అలాంటి యంత్రాలకు ప్రతి భాగమూ దానికోసమే ప్రత్యేకంగా చేయాలి. ఒకదాని భాగం ఇంకోదానికి పనికిరాదు. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను బజార్లో దొరికే విడి భాగాలతోనే చేసింది, దాని లోపలి వివరాలనూ బయటపెట్టింది. దాంతో మిగతా కంపెనీలన్నీ అదే కొలతల్లో పార్టులు చేయడం మొదలుపెట్టాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతను తెచ్చింది. మదర్‌బోర్డుకు స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, కరెంటు ప్లగ్గు ఏ ఆకారంలో ఉండాలి అన్నది అందులో తేల్చేశారు. మన పట్టణాల్లో ఇరవై ముప్పై ఏళ్లుగా వింటున్న "అసెంబుల్డ్ కంప్యూటర్" అనే మాట వెనక ఉన్నది ఈ కొలతలే.

పేరు కాదు, నంబరు చూడండి

ప్రాసెసర్ అంటే లెక్కలు చేసే చిప్పు. షాపులో "ఐ3 కన్నా ఐ5 గొప్ప, ఐ5 కన్నా ఐ7 గొప్ప" అని చెప్తారు. ఒకే ఏడాది వచ్చిన వాటి మధ్య అది నిజమే. కానీ ఇంటెల్ ఐ7 పేరుతో పదిహేనేళ్లకు పైగా చిప్పులు చేస్తోంది. ఐ7 అన్న తర్వాత వచ్చే నంబరులో అసలు కథ ఉంది. ఐ7-2600లో మొదటి 2 అంటే రెండో జనరేషన్, 2011 నాటిది. ఐ3-12100లో 12 అంటే పన్నెండో జనరేషన్, 2022 నాటిది. రెండిట్లోనూ నాలుగేసి కోర్లే ఉన్నాయి, అయినా ఆ "చిన్న" ఐ3 ఈ "పెద్ద" ఐ7 కన్నా చాలా వేగంగా పనిచేస్తుంది, కరెంటూ తక్కువ తింటుంది. మన స్కూల్లో పదేళ్ల కిందటి పదో తరగతి టాపర్ గొప్పా, ఇప్పటి తొమ్మిదో తరగతి విద్యార్థి గొప్పా అని ఎవరూ పోల్చరు కదా. షాపుల వాళ్లు మాత్రం అదే పోలిక చేయిస్తారు.

పన్నెండు వేలకు వచ్చే ఐ7 చాలాసార్లు ఆఫీసుల పాత కంప్యూటర్లలోంచి తీసిన రెండో, మూడో జనరేషన్ చిప్పే అయివుంటుంది. దాన్ని కొత్త బోర్డు మీద, రంగురంగుల లైట్ల డబ్బాలో పెట్టి ఇస్తారు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉండాలి. అంటే ఆ డబ్బా కొన్న రోజు నుంచే పాతది. ఏదో కిటుకుతో ఎక్కించి ఇస్తారు, అప్‌డేట్లకు మాత్రం హామీ ఉండదు.

కాబట్టి బేరం మొదలుపెట్టకముందే "మోడల్ నంబరు పూర్తిగా చెప్పండి" అని అడగండి. నంబరు చెప్పకుండా "ఐ7 అండీ, సూపర్ ఫాస్ట్" అంటే లేచి వచ్చేయండి.

నంబరు చివర అక్షరం కూడా చూడాలి. మొదటిసారి బిగించే పిల్లలకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. దాని ధర మిగతా కంప్యూటర్ అంత ఉంటుంది, మీవాడు అడిగేదీ ముందు దాన్నే. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ కలిసి ఉన్నది తీసుకుంటే చదువుకు, ప్రోగ్రామింగ్‌కు, చిన్న చిన్న గేములకు సరిపోతుంది. ఇంటెల్‌లో ఐ3-12100కు గ్రాఫిక్స్ ఉంది, 12100ఎఫ్‌కు లేదు. ఆ "ఎఫ్" చూడకుండా కొంటే అన్నీ బిగించాక తెర మీద ఏమీ రాదు. ఏఎండీ ఏఎం4 రకం రైజెన్‌లలో చివర "జీ" ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటుంది, ఉదాహరణకు రైజెన్ 5 5600జీ.

ప్రాసెసర్ తేలితే మదర్‌బోర్డు దానికి తగ్గట్టు వస్తుంది. చిప్పు కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఏఎం4 చిప్పు ఏఎం4 బోర్డులోనే కూర్చుంటుంది, పన్నెండో జనరేషన్ ఇంటెల్‌కు ఎల్‌జీఏ 1700 బోర్డు కావాలి. ర్యామ్‌కూ అంతే. డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు రకాలు, వాటి గాటు వేరు వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని చోట ఒకటి పట్టదు. 16 జీబీ ఉంటే హాయి, బడ్జెట్ లేకపోతే 8తో మొదలుపెట్టి తర్వాత ఇంకోటి చేర్చుకోవచ్చు. స్టోరేజీకి హార్డ్ డిస్క్ వద్దు, 500 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకోండి. క్యాబినెట్, కీబోర్డు, మౌస్ మీకు నచ్చినవి.

ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం పొదుపు వద్దు

గోడ నుంచి వచ్చే 230 వోల్టులను కంప్యూటర్‌కు కావాల్సిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చే పెట్టె ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉండొచ్చు, దానిలో అంత బలం ఉండదు. అది పోతే ఒంటరిగా పోదు, ఒక్కోసారి బోర్డును కూడా తీసుకుపోతుంది. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు ఉన్నది, విడిగా కొనండి. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్ 150 వాట్లు దాటడం అరుదు, కాబట్టి 450 వాట్లు ఎక్కువే.

కొన్ని చవక ఎస్ఎంపీఎస్‌ల వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది, 115 అని ఒకవైపు, 230 అని ఇంకోవైపు. పిల్లలు దాన్ని సరదాగా జరుపుతారు. మన కరెంటు 230. స్విచ్ 115 మీద ఉండగా ఆన్ చేస్తే ఒక్క "ఠప్" శబ్దంతో పని అయిపోతుంది. ఇంకో మాట, ఇది కచ్చితంగా పాటించాల్సింది: ఎస్ఎంపీఎస్ పెట్టెను ఎట్టి పరిస్థితిలోనూ విప్పనివ్వకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. మిగతా కంప్యూటర్ అంతా పిల్లల చేతుల్లో పెట్టొచ్చు, ఇది ఒక్కటి తప్ప.

ధరల సంగతి. 2025 వేసవిలో మా సైన్స్ క్లబ్ పిల్లలు ఆరుగురు కలిసి ఒకటి బిగించారు. రైజెన్ 5 5600జీ, బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ కలిపి ఇరవై ఎనిమిది వేల చిల్లర అయింది, మానిటర్ కాకుండా. ఇప్పుడు అంతకు రాదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్పులన్నీ అటే పోతున్నాయి. అందుకే ఈసారి 8 జీబీతో మొదలుపెట్టమనే నా సలహా. ఆ డబ్బు కూడా భారమనుకుంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎనిమిదో జనరేషన్ లేదా ఆ పై నంబరున్న సెకండ్‌హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్ తీసుకుని, దానికి ఎస్ఎస్‌డీ, ర్యామ్ పిల్లల చేతే మార్పించండి. నేర్చుకునేది సగానికి పైగా అందులోనూ ఉంది.

కొనడానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ షాపుల్లో ముందు అడగండి. రేపు ఏదైనా పాడైతే వెళ్లడానికి దగ్గర. ఎక్కువ రకాలు కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. రెండు ఊళ్ల నుంచీ పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆదివారం మాత్రం వెళ్లకండి. పాపను, బాబును వెంట తీసుకెళ్లండి, బేరం వాళ్లనే చేయనివ్వండి. మూడు షాపుల్లో ధరలు కాగితం మీద రాయించుకున్నాకే కొనాలి.

"బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అనే మాట వినిపిస్తుంది. వద్దు. అసెంబుల్డ్ కంప్యూటర్‌కు వారంటీ మొత్తానికి ఉండదు, ప్రతి పార్టుకూ విడిగా ఉంటుంది, బిల్లు మీద సీరియల్ నంబరు లేకపోతే ఆ కంపెనీ మిమ్మల్ని గుర్తించదు. జీఎస్టీ 18 శాతం. ఇక్కడే పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి: పన్నుతో కలిపి 5,900 రూపాయల బోర్డులో పన్ను ఎంత? చాలామంది 5,900లో 18 శాతం తీసి 1,062 అంటారు. అసలు ధర 5,000, పన్ను 900. ఎందుకో వాళ్లే చెప్పాలి. తరగతిలో ఈ లెక్క మూడుసార్లు చెప్పినా ఎక్కనిది, తమ డబ్బు అనేసరికి ఒక్కసారికే ఎక్కింది. బీఈడీలో చేస్తూ నేర్చుకోవడం గురించి పేజీలకు పేజీలు పరీక్ష రాశాం, ఈ ఒక్క బిల్లు చూపించినా సరిపోయేది.

బిగించే రోజు

చాప మీద, దుప్పటి మీద వద్దు, గట్టి బల్ల మీద పెట్టుకోండి. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే ఉంచండి. దువ్వెనతో కాగితం ముక్కలు ఎగరేసిన పాఠం గుర్తుందా, అదే స్థిర విద్యుత్తు చిప్పులకు ప్రమాదం. మన పొడి వేసవిలో అది ఎక్కువ. ప్రతి పార్టూ ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే చాలు.

మొదట ప్రాసెసర్. దాని ఒక మూల చిన్న త్రిభుజం ఉంటుంది, సాకెట్ మీదా అలాంటిదే ఉంటుంది. లీవర్ ఎత్తి, రెండు త్రిభుజాలు కలిసేలా వదిలితే తన బరువుకే కూర్చుంటుంది. నొక్కకూడదు. ఏఎం4లో పిన్నులు చిప్పుకు ఉంటాయి, ఇంటెల్‌లో బోర్డుకు ఉంటాయి, ఎక్కడున్నా వెంట్రుకంత సన్ననివి. మొత్తం పనిలో ఊపిరి బిగబట్టాల్సిన నిమిషం ఇదొక్కటే. తర్వాత ర్యామ్. దీనికి మాత్రం బలం కావాలి, గాటు సరిచూసి రెండు చివర్లూ "టక్" అనేదాకా నొక్కాలి. నాలుగు గూళ్లున్న బోర్డులో రెండు ర్యాములుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఎస్ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, బియ్యపు గింజంత స్క్రూ బిగించాలి. అది కింద పడితే ఇల్లంతా ఊడ్చాల్సిందే, ముందే ఒక స్టీలు గిన్నె పెట్టుకోండి.

ప్రాసెసర్‌తో వచ్చే ఫ్యానుకు అడుగున బూడిదరంగు పేస్టు ముందే పూసి ఉంటుంది. తుడవొద్దు, వేలుతో ముట్టుకోవద్దు. చిప్పుకూ ఫ్యానుకూ మధ్య కంటికి కనపడని గాలి సందులను పూడ్చి వేడిని లాగేది అదే. ఫ్యాను వైరును సీపీయూ ఫ్యాన్ అని రాసిన పిన్నులకు పెట్టాలి.

ఇప్పుడు బోర్డును క్యాబినెట్‌లోకి దించాలి. అంతకుముందే రెండు చూడాలి. వెనక రేకు పెట్టారా? బోర్డు కింద ఇత్తడి కాళ్లు బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఉన్నాయా? ఆ కాళ్లు లేకుండా బోర్డును నేరుగా ఇనుప పలక మీద బిగిస్తే షార్ట్ అవుతుంది. తర్వాత ఎస్ఎంపీఎస్ వైర్లు: పెద్ద 24 పిన్నులది, ప్రాసెసర్ పక్కన 8 పిన్నులది. అందరూ మర్చిపోయేది ఈ రెండోదే. చివరికి పవర్ బటన్ నుంచి వచ్చే సన్నటి వైర్లు, వీటికి బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. కళ్లద్దాలున్న తాతయ్యల కన్నా పిల్లల వేళ్లు దీనికి మేలు.

ఆన్ చేస్తే ఏమీ రాలేదా? కంగారు పడొద్దు, పిల్లలను తిట్టొద్దు. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ చూడండి. 8 పిన్నుల వైరు చూడండి. ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి, ఎక్కువసార్లు దోషం ఇక్కడే దొరుకుతుంది. డీడీఆర్5 అయితే మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. మా క్లబ్ కంప్యూటర్ మొదటిసారి వెలగనప్పుడు ఆరుగురూ అరగంట వాదించుకున్నారు, ఒక్కొక్క వైరూ తీసి పెట్టి కారణం పట్టుకున్నారు. ఆ అరగంటలో ఒక్కరూ ఫోను ముట్టుకోలేదు.

విండోస్ కొనాలి, లేదా ఉబుంటు లాంటి లినక్స్ ఉచితంగా ఎక్కించుకోవచ్చు, అందులో తెలుగు కూడా ఉంది. షాపు వాడు "ఫ్రీగా వేసిస్తా" అనే విండోస్ దొంగది. బ్యాంకు లావాదేవీలు చేసే ఇంట్లో అది వద్దు.

మన కరెంటు, మన దుమ్ము

యూట్యూబ్ వీడియోలలో ఏసీ గదుల్లో బిగిస్తారు. మన దగ్గర మేలో గదిలోనే 40 డిగ్రీలు. గది 25 నుంచి 40కి పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అంతే, పదిహేను డిగ్రీలు పెరుగుతుంది. 95, 100 దగ్గరికి చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి క్యాబినెట్‌ను గోడకు అతికించి, పైన గుడ్డ కప్పి నడపొద్దు. ఎర్రమట్టి దుమ్ము ఫ్యానులో చేరుతుంది, మూడు నెలలకోసారి ఆఫ్ చేసి పెయింటు బ్రష్‌తో దులపండి.

ఊళ్లలో బోరు మోటార్లు ఒక్కసారి ఆన్ అయినప్పుడు బల్బు వెలుగు పడిపోవడం మీకు తెలుసు. కంప్యూటర్‌కు 600 వీఏ యూపీఎస్ పెట్టండి. అది గంటలు నడపడానికి కాదు, ఫైలు సేవ్ చేసి ఆపే పది నిమిషాల కోసం. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే ఎర్తింగ్ లేదన్నమాట, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, కంప్యూటర్ తర్వాత. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా పీకేయాలి. కరెంటు బిల్లు భయం వద్దు: 100 వాట్ల చొప్పున రోజుకు ఐదు గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్లు.

ఎవరికి వద్దు? వచ్చే ఏడాది హాస్టల్‌కు వెళ్లే పిల్లలకు ఇది ఇంట్లో మూల కూర్చుంటుంది, డబ్బు దాచి తర్వాత ల్యాప్‌టాప్ కొనండి. పదో తరగతికి వస్తున్నవాళ్లు ఈ సెలవుల్లోనే బిగించుకోవాలి, డిసెంబరులో మొదలుపెడతానంటే నేను ఒప్పుకోను. కంప్యూటర్‌ను పడకగదిలో కాకుండా ముందు గదిలో పెట్టండి. గేములు ఆడరా అంటే ఆడతారు. ఎంతసేపు అన్నది బిగించకముందే మాట్లాడుకోండి, బిగించాక ఆ మాట ఎవరూ వినరు. ఇక ఆడపిల్లల సంగతి: మా ఆరుగురిలో ప్రాసెసర్ పెట్టిన చేతులు ఒక అమ్మాయివి. మిగతా ఐదుగురు తమ చేతులు వణుకుతున్నాయని తనకే ఇచ్చారు.

సెలవులకు ముందు చివరి రెండు శనివారాలు మధ్యాహ్నం స్కూలు ల్యాబులో పాడైపోయిన రెండు పాత కంప్యూటర్లు విప్పి మళ్లీ బిగించే అభ్యాసం పెడుతున్నాం, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు. ఫీజు లేదు. పేర్లు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. స్క్రూడ్రైవర్లు మా దగ్గర ఉన్నాయి, స్క్రూలకు ఒక స్టీలు గిన్నె మాత్రం ఇంటి నుంచి పంపండి.